సూర్యుడి మచ్చల్లో అలలు, డోలనాలు: తరచుగా అడిగే ప్రశ్నలు

కావలి, నెల్లూరు, ఒంగోలు కాలేజీల్లో ఎమ్మెస్సీ ప్రాజెక్టుకి సూర్యుడి మచ్చలు తీసుకున్న పిల్లలు, ఆదిత్య-ఎల్1 వెళ్లాక ఆసక్తి పుట్టిన స్కూలు టీచర్లు, వాట్సాప్‌లో ఏదో చూసి టెన్షన్ పడ్డ పెద్దవాళ్లు, అందరూ తిప్పి తిప్పి అవే అడుగుతున్నారు. ఒక్కొక్కరికీ విడిగా టైప్ చేసే ఓపిక లేక అన్నీ ఒకచోట పెట్టేశాను. వరసగా చదవాల్సిన పని లేదు, మీ అనుమానం ఎక్కడుంటే అక్కడికి పోండి.

## మొదట్లో వచ్చే అనుమానాలు

అసలు ఈ మచ్చ ఏంది సార్? సూర్యుడికి రంధ్రం పడిందా?

రంధ్రం కాదు. అక్కడ అయస్కాంత క్షేత్రం విపరీతంగా ఉంటుంది, పెద్ద మచ్చల్లో 2,000 నుంచి 4,000 గాస్ (క్షేత్రం బలానికి కొలమానం) దాకా. మన కాళ్ల కింద భూమికి ఉన్నది అర గాస్ అటూ ఇటూ. అంత క్షేత్రం ఉన్నచోట లోపలి వేడి వాయువు పొంగి పైకి రాలేదు, దాంతో ఆ చోటు చల్లబడుతుంది. చుట్టూ 5,800 కెల్విన్ ఉంటే మచ్చ నడిమధ్యలో 4,000 దగ్గర ఉంటుంది. విడిగా చూస్తే అదీ కళ్లు చెదిరే వెలుగే, పక్కన అంతకన్నా వెలుగు ఉండబట్టి నల్లగా కనిపిస్తుంది. నల్లటి మధ్యభాగం అంబ్రా, దాని చుట్టూ చారలు చారలుగా ఉండే అంచు పెనంబ్రా. ఈ అయస్కాంత క్షేత్రాన్ని 1908లో అమెరికాలోని మౌంట్ విల్సన్‌లో జార్జ్ ఎలెరీ హేల్ కనిపెట్టారు, వర్ణపట రేఖలు (వెలుగుని రంగులుగా విడదీస్తే కనిపించే గీతలు) చీలి ఉండటం గమనించి. "గుంట" అనడంలో మాత్రం కొంత నిజం ఉంది: మచ్చలో వాయువు పారదర్శకంగా ఉండటంతో మన చూపు కొన్ని వందల కిలోమీటర్లు లోతుకి పోతుంది.

డోలనం అంటే మచ్చ మొత్తం పెరుగుతూ తగ్గుతూ ఉంటుందా?

ఉండదు. మచ్చ రోజుల తరబడి, కొన్నిసార్లు వారాల తరబడి ఉన్నచోటే దాదాపు అదే ఆకారంలో ఉంటుంది. దాని లోపలి వాయువు మాత్రం కొన్ని నిమిషాలకోసారి పైకీ కిందకీ కదులుతుంది, ఆ కదలికతో పాటు వెలుగు కూడా కాస్త హెచ్చుతగ్గులవుతుంది. అదీ మచ్చంతా ఒక్కసారిగా కాదు, ఒక మూల పైకి పోతుంటే ఇంకో మూల దిగుతూ ఉండొచ్చు. కింది పొరలో ఈ వేగం సెకనుకి పదుల మీటర్ల నుంచి వంద మీటర్ల స్థాయిలో ఉంటుంది. పై పొరకి, అంటే క్రోమోస్ఫియర్‌కి పోతే కొన్ని కిలోమీటర్లవుతుంది. మచ్చ అలలు పోయే దారి, ఊగేది దాంట్లోని వాయువు. ఈ తేడా పట్టుకోని వాళ్లకి మిగతా ఫిజిక్స్ ఎంత చెప్పినా ఎక్కదు.

ముందుగా ఎవరు చూశారు?

సూర్యుడి ఉపరితలం అంతటా 5 నిమిషాలకోసారి ఊగుతోందని 1960ల మొదట్లో రాబర్ట్ లైటన్ బృందం తేల్చింది. మచ్చల సంగతి 1969లో బయటపడింది: కాల్షియం వర్ణపట రేఖల్లో చూస్తే అంబ్రాలో అక్కడక్కడా చుక్కలు ఇంచుమించు రెండున్నర, మూడు నిమిషాలకోసారి మెరిసి ఆరిపోతున్నాయని బెకర్స్, టాలంట్ రాశారు, వాటికి అంబ్రల్ ఫ్లాషెస్ అని పేరు పడింది. 1972లో జిరిన్, స్టైన్ ఒక పక్క, జొవనెల్లి ఇంకో పక్క పెనంబ్రాలో బయటికి పరిగెత్తే అలల్ని చూశారు.

నాసా సూర్యుడి ఓంకారాన్ని రికార్డు చేసిందని ఫార్వర్డ్ వచ్చింది, నిజమా?

సూర్యుడికీ మనకీ మధ్య ఉన్నది దాదాపు శూన్యం, ధ్వని దాంట్లో ప్రయాణించదు, మైకు పెట్టి వినేది ఏమీ లేదు. సోహో ఉపగ్రహం కొలిచిన ఉపరితల కదలికల్ని శాస్త్రవేత్తలు కంప్యూటర్లో 42 వేల రెట్లు వేగం పెంచి చెవికి వినపడే శబ్దంగా మార్చారు. అది గుయ్యిమనే హోరు. దాంట్లో ఓంకారం వినిపించింది అనేవాళ్లతో నేను వాదన పెట్టుకోను, వేరే ఊళ్లో వేరే మాట వినిపిస్తుందని మాత్రం అనుకుంటాను.

మచ్చలు ఎక్కువైతే మన నెల్లూరు ఎండలు ఇంకా పెరుగుతాయా?

పెరగవు. 11 ఏళ్ల చక్రంలో మచ్చలు బాగా ఉన్నప్పటికీ అసలు లేనప్పటికీ భూమికి చేరే సూర్యశక్తిలో తేడా 0.1 శాతం దగ్గర ఉంటుంది. రోహిణి కార్తెలో రోళ్లు పగలడానికి మే నెలలో సూర్యుడు దాదాపు నడినెత్తికి రావడం, పడమటి నుంచి వచ్చే వడగాలి, సముద్రపు గాలి ఆలస్యంగా తిరగడం, ఇవీ కారణాలు. మచ్చల దగ్గర పేలుళ్లు జరిగితే రేడియో సిగ్నళ్లకీ ఉపగ్రహాలకీ ఇబ్బంది ఉంటుంది, 2024 మే 10, 11 తేదీల్లో పెద్ద మచ్చల గుంపు ఒకటి రేపిన తుపానుకి లద్దాఖ్‌లోని హాన్లేలో ఆకాశం ఎర్రబడింది కూడా. ఎండకి దాంతో పని లేదు.

## అల ఎక్కడ పుడుతుంది, ఎటు పోతుంది

మచ్చలో అలని తోసేది ఎవరు? అక్కడ వాయువు పొంగడమే ఆగిపోయింది కదా?

మంచి ప్రశ్న, చాలామంది అడగరు. మచ్చ బయట వాయువు ఎప్పుడూ కుతకుతలాడుతూనే ఉంటుంది, ఆ అల్లరికి పుట్టిన ధ్వని తరంగాలు సూర్యుడి లోపలంతా తిరుగుతూ ఉంటాయి. వాటి బలం 5 నిమిషాల ఆవర్తన కాలం (ఒక ఊపుకి పట్టే సమయం) చుట్టూ ఎక్కువ. మచ్చ వాటి దారిలో నిలబడి ఉంది కాబట్టి కింది నుంచీ పక్కల నుంచీ తగులుతూనే ఉంటాయి. దానికి తోడు అంబ్రాలో పొంగు పూర్తిగా చచ్చిపోదు, సన్నటి వెలుగు చుక్కలు కనిపిస్తుంటాయి, ఆ చిన్న పొంగుల దగ్గరే కొన్ని అలలు పుడుతున్నట్టు కొలతల్లో తేలింది.

స్లో, ఫాస్ట్, ఆల్ఫ్వెన్ అని మూడు పేర్లు చెప్తారు, తేడా ఏంది?

మామూలు గాలిలో అలని వెనక్కి లాగేది ఒక్క పీడనమే, అందుకే ధ్వని ఒకటే రకం. విద్యుదావేశం ఉన్న వాయువులో అయస్కాంత క్షేత్రం కూడా లాగుతుంది, దానికి సొంత పీడనం, సొంత బిగువు రెండూ ఉన్నాయి. ఈ శక్తులు కలిసే తీరుని బట్టి మూడు రకాల అలలు వస్తాయి. మచ్చ పై పొరల్లో అయస్కాంత క్షేత్రానిదే పెత్తనం, అక్కడ స్లో అల అంటే బలరేఖ (అయస్కాంత క్షేత్రం సాగే దిశని చూపే గీత) వెంబడి పోయే ధ్వనే అనుకోవచ్చు, సెకనుకి 6, 7 కిలోమీటర్లు లేదా కాస్త పైన. ఫాస్ట్ అల క్షేత్రానికి అడ్డంగా కూడా పోగలదు. ఆల్ఫ్వెన్ అల బలరేఖ బిగువు మీద అడ్డంగా ఊగుతూ రేఖ వెంబడే సాగుతుంది, వాయువుని నొక్కదు కాబట్టి వెలుగు మారదు, అందుకే దాన్ని పట్టుకోవడం కష్టం. ఇలాంటి అల ఉండి తీరాలని 1942లో హానెస్ ఆల్ఫ్వెన్ కాగితం మీద చెప్పారు, 1970లో నోబెల్ వచ్చింది.

కింద చూస్తే 5 నిమిషాలు, పైన చూస్తే 3 నిమిషాలు. అదే మచ్చ కదా, ఎట్టా మారింది?

ప్రాజెక్టు రికార్డుల్లో సగం మంది "అల పైకి పోతూ 5 నుంచి 3కి మారింది" అని రాసేస్తారు. అట్టా మారదు. కింద ఫోటోస్ఫియర్‌లో, అంటే మన కంటికి కనిపించే ఉపరితలంలో, రెండూ ఉంటాయి, 5 నిమిషాలవి బలంగా, 3 నిమిషాలవి బలహీనంగా. సూర్యుడి వాతావరణం పైకి పోయేకొద్దీ చాలా త్వరగా పలచబడుతుంది, అలాంటి వాతావరణం ఒక హద్దు కన్నా నెమ్మదైన ధ్వనిని పైకి పోనివ్వదు: నెమ్మదిగా తోస్తే పైనున్న వాయువంతా కలిసికట్టుగా లేచి కలిసికట్టుగా దిగుతుంది, ఒక పొరకీ ఇంకో పొరకీ మధ్య పట్టు దొరకదు, అల ముందుకి సాగదు. మచ్చలో ఆ హద్దు ఐదున్నర మిల్లీహెర్ట్జ్ (వెయ్యి సెకన్లకి ఐదున్నర ఊపులు) దగ్గర ఉంది. 5 నిమిషాల అల అంటే 3.3 మిల్లీహెర్ట్జ్, అది కొద్ది ఎత్తులోనే ఆరిపోతుంది. 3 నిమిషాలది, అంటే 5.6 మిల్లీహెర్ట్జ్, హద్దు దాటి పైకి పోతుంది, పోవడమే కాదు, సాంద్రత పడిపోతున్నా శక్తి ప్రవాహం నిలబడాలి కాబట్టి దాని కంపన పరిమితి (ఊపు ఎత్తు) పెరుగుతూ పోతుంది. కింద బక్కగా ఉన్న అల పైన రాజ్యమేలుతుంది, కింద రాజ్యమేలినది పైన కనపడదు. వాతావరణం ఇక్కడ ఫిల్టరు, అంతే.

ఆ హద్దుని లెక్క వేసి చూపించమంటే ఎట్టా?

డిగ్రీ ఫిజిక్స్ చాలు. ఒకే ఉష్ణోగ్రత ఉన్న వాతావరణంలో హద్దు కోణీయ పౌనఃపున్యం అంటే గామాని (వాయువు రెండు విశిష్టోష్ణాల నిష్పత్తిని) గురుత్వంతో గుణించి, ధ్వని వేగానికి రెట్టింపుతో భాగించడమే. గామా 5/3, సూర్యుడి మీద గురుత్వం సెకను వర్గానికి 274 మీటర్లు, 4,000 కెల్విన్ దగ్గర సగటు అణుభారం 1.3 తీసుకుంటే ధ్వని వేగం సెకనుకి సుమారు 6.5 కిలోమీటర్లు. భాగిస్తే సెకనుకి 0.035 రేడియన్లు, ఆవర్తన కాలం 179 సెకన్లు. అంటే 3 నిమిషాలు. ఇంత మోటు లెక్కకి ఇంత దగ్గర జవాబు రావడం చూస్తే నాకు ఇప్పటికీ ముచ్చటేస్తుంది.

అంబ్రల్ ఫ్లాష్ అని మెరుస్తుంది కదా, అది పేలుడా?

పేలుడు కాదు, షాక్ వేవ్. మైపాడు బీచ్‌లో నిలబడి చూడండి, దూరాన సముద్రంలో ఉందో లేదో తెలియని అల ఒడ్డుకి వచ్చేకొద్దీ ఎత్తు పెరిగి, ముందు వైపు నిటారుగా లేచి, విరిగి పడుతుంది. మచ్చలో పైకి పోయే 3 నిమిషాల అలకి జరిగేది ఇదే తరహా, లోతు తగ్గే బదులు అక్కడ సాంద్రత తగ్గుతుంది. శిఖర భాగం ముందున్న దాన్ని అందుకుంటుంది, అల ముఖం నిటారవుతుంది, అక్కడ వాయువు ఒక్కసారిగా నలిగి వేడెక్కుతుంది. ఆ వేడికి కాల్షియం రేఖ నడిమధ్య వెలుగుతుంది, అదే ఫ్లాష్. ఒక పిక్సెల్ దగ్గర డాప్లర్ వేగాన్ని (వర్ణపట రేఖ ఎంత జరిగిందో చూసి కొలిచే వేగాన్ని) కాలంతో గీస్తే రంపపు పళ్ల ఆకారం వస్తుంది: చటుక్కున పైకి, ఆ తర్వాత నిదానంగా కిందికి. నున్నటి సైన్ వక్రం కోసం వెతికేవాళ్లు ఇది చూసి డేటా పాడైందనుకుంటారు, పాడవలేదు.

పెనంబ్రాలో అలలు నిజంగా బయటికి పరిగెత్తుతున్నాయా?

వీడియోలో చూస్తే అంబ్రా అంచున మొదలై వలయాలుగా బయటికి పోతున్నట్టే ఉంటుంది, సెకనుకి 10, 20 కిలోమీటర్ల చొప్పున. కానీ చాలావరకు అది కంటికి కలిగే భ్రమ. మచ్చ మధ్యలో బలరేఖలు నిటారుగా ఉంటాయి, అంచుకి పోయేకొద్దీ వంగుతాయి. అన్ని రేఖల వెంబడీ అల కింది నుంచి బయల్దేరుతుంది, వంగిన రేఖ మీద దారి పొడవు కాబట్టి మనం చూసే ఎత్తుకి ఆలస్యంగా చేరుతుంది. మధ్యలో ముందు, అంచులో తర్వాత, చూసేవాళ్లకి అడ్డంగా పరిగెత్తినట్టు. ఆవర్తన కాలం కూడా బయటికి పోయేకొద్దీ 3 నుంచి 5 నిమిషాలకి, ఆపైకీ పెరుగుతుంది. వంగిన రేఖ వెంబడి గురుత్వంలో కొంత భాగమే పనిచేస్తుంది కాబట్టి, నిటారు రేఖ మీద 179 సెకన్లుగా వచ్చే హద్దు రేఖ 53 డిగ్రీలు వంగితే 300 సెకన్లకి మారుతుంది, అప్పుడు 5 నిమిషాల అలకి కూడా దారి తెరుచుకుంటుంది.

ఎవర్‌షెడ్ ఎఫెక్ట్ కూడా అలేనా?

కాదు, అది ప్రవాహం. పెనంబ్రాలో వాయువు సెకనుకి కొన్ని కిలోమీటర్ల వేగంతో బయటి వైపు పారుతూనే ఉంటుంది, తిరిగి రాదు. 1909 జనవరిలో జాన్ ఎవర్‌షెడ్ దీన్ని మన కొడైకెనాల్ అబ్జర్వేటరీలోనే కనిపెట్టారు. డేటాలో తేడా సులువు: సమయంతో సగటు తీస్తే అల పోతుంది, ప్రవాహం మిగులుతుంది. మీ అలల విశ్లేషణకి ముందు ఆ సగటుని తీసేయాలి.

మచ్చ అలల్ని మింగేస్తుందని చదివాను. మింగింది ఎక్కడికి పోతుంది?

1987లో బ్రాన్, డువాల్, లాబాంటే మచ్చలోకి వచ్చే ధ్వని తరంగాల్నీ బయటికి పోయేవాటినీ విడదీసి కొలిస్తే, కొన్ని తరంగాల్లో సగం దాకా శక్తి తిరిగి రాలేదు. ధ్వని వేగం, ఆల్ఫ్వెన్ అల వేగం సమానమయ్యే పొర దగ్గర ఒక రకం అల ఇంకో రకంగా మారిపోతుంది. అలా మారిన కొంత భాగం బలరేఖ పట్టుకుని లోపలికి దిగిపోతుంది, కొంత పైకి పోతుంది. శక్తి ఎక్కడికీ మాయమవలేదు, మనం లెక్క పెట్టే గడిలోంచి పక్క గడిలోకి పోయింది.

అయితే కరోనా అంత వేడిగా ఉండటానికి కారణం ఈ అలలేనా?

3 నిమిషాల అలలు కరోనా దాకా, అంటే సూర్యుడి వాతావరణంలో అన్నింటికన్నా బయటి పొర దాకా పోతాయి, మచ్చలో పాతుకున్న వలయాల వెంబడి సెకనుకి వంద కిలోమీటర్ల స్థాయి వేగంతో పోవడం ట్రేస్ ఉపగ్రహం చూసింది. కానీ అవి మోసుకెళ్లే శక్తి చాలదు. అంబ్రా పైనున్న క్రోమోస్ఫియర్ వెలుగు రూపంలో పోగొట్టుకునే శక్తికే ఈ అలల లెక్క సరిపోలేదని కొలిచినవాళ్లు చెప్పారు, ఇంక పది లక్షల కెల్విన్ల కరోనా సంగతి చెప్పేదేముంది. "కరోనా రహస్యం వీడింది" అనే హెడ్డింగ్ కనిపిస్తే కిందికి పోయి ఏ అల, ఏ ఎత్తు అని చూడండి.

## చూడాలనుకునేవాళ్లకి

మా మేడ మీద నుంచి చూడొచ్చా?

మచ్చ చూడొచ్చు, అల కాదు. ఐఎస్‌ఓ 12312-2 ప్రమాణం ఉన్న అద్దాలు గానీ 14 నంబరు వెల్డింగ్ గాజు గానీ పెట్టుకుంటే బాగా పెద్ద మచ్చ మామూలు కంటికే కనిపిస్తుంది. ఎక్స్‌రే ఫిల్ము, మసి పూసిన గాజు, కూలింగ్ గ్లాసులు, రెండు మూడు సీడీలు, ఇవేవీ వద్దు. టెలిస్కోప్ ఉంటే ఫిల్టర్ ముందు వైపే పెట్టాలి, కన్ను పెట్టే చోట బిగించేది వేడికి పగిలితే చూపు పోతుంది. పిల్లలు గుంపుగా ఉంటే టెలిస్కోప్ నుంచి వచ్చే బింబాన్ని తెల్ల కాగితం మీద పట్టి చూపించడం మేలు, ఎవరూ కన్ను పెట్టకుండా పెద్దవాళ్లు ఒకరు పక్కనే నిలబడాలి.

మా టెలిస్కోప్‌లో మచ్చ అంచు వణుకుతూ కనిపించింది. అదే డోలనం కదా?

అది మన గాలి. ఎండకి నేల కాగి లేచే వేడి గాలి బింబాన్ని కదిలిస్తుంది, సెకనుకి ఎన్నోసార్లు. సూర్యుడి అంచు చూడండి, అదీ అట్టే వణుకుతుంటుంది, మచ్చ వేరే ఏమీ చేయడం లేదు. అసలు డోలనం 3 నిమిషాలకోసారి, అదీ తెల్లవెలుగులో కంటికి తెలియనంత చిన్నది. మన వైపు జనవరి నుంచి మార్చి దాకా, పొగమంచు విడిపోయాక నేల కాగకముందు దొరికే ఆ కాస్త సమయంలో బింబం నిలకడగా ఉంటుంది.

మన శ్రీహరికోట నుంచి పోయిన ఆదిత్య దీన్ని చూస్తుందా?

2022లో జిల్లాలు విడదీసినప్పుడు శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయింది, అయినా నెల్లూరు వాళ్లు "మన షార్" అనడం మానలేదు, మానరు కూడా. ఆదిత్య-ఎల్1 పీఎస్‌ఎల్‌వీ-సీ57 మీద 2023 సెప్టెంబరు 2న ఎగిరి, 2024 జనవరి 6న 15 లక్షల కిలోమీటర్ల దూరంలోని ఎల్1 చుట్టూ కక్ష్యలోకి చేరింది. దాంట్లో సూట్ అనే టెలిస్కోప్ 200 నుంచి 400 నానోమీటర్ల మధ్య బొమ్మలు తీస్తుంది, మెగ్నీషియం, కాల్షియం రేఖలకి ఫిల్టర్లు ఉన్నాయి, అంటే మచ్చల మీది క్రోమోస్ఫియర్ కనపడే రంగులే అవి. ఎల్1 దగ్గర రాత్రి లేదు, గ్రహణం లేదు, తెగకుండా చూడొచ్చు. అలల పనికి అది పెద్ద వరం.

## ప్రాజెక్టు చేసేవాళ్లకి

ల్యాప్‌టాప్ ఒకటే ఉంది, పెద్ద ల్యాబ్ లేదు. చేయగలమా?

చేయొచ్చు. 2010లో ఎగిరిన ఎస్‌డీఓ ఉపగ్రహం డేటా అందరికీ ఉచితం. దాంట్లోని ఏఐఏ కెమెరా అతినీలలోహిత ఛానెళ్లలో (ఒక్కో తరంగదైర్ఘ్యానికి ఒక్కోటి) చాలావాటికి 12 సెకన్లకో బొమ్మ ఇస్తుంది, 3 నిమిషాల అలకి 15 బొమ్మలు పడతాయి, బాగా సరిపోతుంది. పూర్తి బింబాలు దించుకోవద్దు, గంటకి 300 ఫైళ్లు, హాస్టల్ వైఫై మీద తెల్లారిపోతుంది. మచ్చ చుట్టూ చిన్న కటౌట్ అడగండి. సూర్యుడి నడిమధ్యకి దగ్గరగా ఉన్న గుండ్రటి మచ్చ ఎంచుకోండి. ముఖ్యమైనది, సూర్యుడు తిరుగుతాడు: గంటలో మచ్చ 15 పిక్సెళ్ల దాకా జరుగుతుంది, ఆ జరుగుడు సరిచేయకుండా ఒకే పిక్సెల్ తీసుకుంటే మొదట్లో అంబ్రా, చివర్లో పెనంబ్రా కొలుస్తారు.

ఎంతసేపు డేటా కావాలి?

గంట ఉంటే పౌనఃపున్యంలో 0.28 మిల్లీహెర్ట్జ్ దాకా విడదీయగలరు, 3.3నీ 5.6నీ వేరుచేయడానికి చాలు. రెండు గంటలు ఉంటే ఇంకా నమ్మకంగా ఉంటుంది. విషువత్తుల చుట్టూ కొన్ని వారాలు ఎస్‌డీఓకి భూమి రోజూ అడ్డం వస్తుంది, 72 నిమిషాల దాకా బొమ్మలుండవు, మార్చి, సెప్టెంబరు తేదీలు ఎంచుకునే ముందు చూసుకోండి.

ఫోరియర్‌లో (సిగ్నల్‌ని పౌనఃపున్యాలుగా విడదీసే లెక్కలో) బోలెడు పీకులు వచ్చాయి, అన్నీ అలలేనా?

కావు. తక్కువ పౌనఃపున్యాల దగ్గర సూర్యుడిలో సహజంగానే గోల ఎక్కువ, అక్కడ ఎత్తైన పీక్ రావడం విశేషం కాదు. నిదానంగా మారే ధోరణిని ముందు తీసేసి, మిగిలినదాంట్లో గోల స్థాయి ఎంతో అంచనా వేసి, దాని కన్నా బాగా పైన ఉన్నవాటినే లెక్కలోకి తీసుకోండి. పక్క పిక్సెళ్లలో కూడా అదే పీక్ ఉందా లేదా చూడటం నాకు తెలిసినంతలో అన్నింటికన్నా చవకైన పరీక్ష.

3 నిమిషాలు ఫిల్టర్ వల్లా, క్రోమోస్ఫియర్ ఒక రెజొనేటర్ కావడం వల్లా అని వైవాలో అడిగితే?

రెండు పక్షాలూ చెప్పండి. పైకి పోయే అల క్రోమోస్ఫియర్ పైన ఉష్ణోగ్రత ఎగబాకే పలచటి పొరకి తగిలి కొంత వెనక్కి తిరుగుతుంది, కింద చల్లటి పొర దగ్గర మళ్లీ తిరుగుతుంది, మధ్యలో ఇరుక్కుని కొన్ని పౌనఃపున్యాలు బలపడతాయి అనేది రెజొనేటర్ వాదం. దశాబ్దాలు వాదించుకున్నారు. 2019 చివర్లో ఒక మచ్చలో అలాంటి గది ఉన్నట్టు పరిశీలనల నుంచి ఆధారం చూపించారు, ఆ తర్వాత ఆ ఆధారం చాలుతుందా అని మళ్లీ వాదించుకున్నారు. నా మటుకు నాకు, ఫిల్టర్ లేకుండా రెజొనేటర్ కథ నిలబడదు, ఫిల్టర్ కథ రెజొనేటర్ లేకుండా కూడా చాలావరకు నిలబడుతుంది. అలా చెప్పి, ఎందుకని అడిగితే 179 సెకన్ల లెక్క బోర్డు మీద వేసేయండి.

నాకు 3 దగ్గర ఏమీ రాలేదు, 5 నిమిషాల దగ్గరే పీక్ వచ్చింది. ప్రాజెక్టు పోయినట్టేనా?

ముందు ఏ ఛానెల్ తీసుకున్నారో చూడండి. 1700 ఆంగ్‌స్ట్రామ్ బొమ్మ ఎక్కువగా ఫోటోస్ఫియర్‌కి దగ్గరి పొరల నుంచి వస్తుంది, అక్కడ 5 రావడమే న్యాయం. పై పొరల్ని చూపే 304 గానీ 171 గానీ ఆంగ్‌స్ట్రామ్ ఛానెల్ తీసుకుని అంబ్రా మీద పెట్టి చూడండి. అప్పటికీ 5 వస్తే మీ పిక్సెల్ పెనంబ్రాలో పడి ఉండొచ్చు, తెల్లవెలుగు బొమ్మ పక్కన పెట్టి సరిపోల్చండి. రెండు ఛానెళ్లూ ఒకే పిక్సెల్‌కి వేసి, కింద 5, పైన 3 అని ఒకే గ్రాఫ్‌లో చూపించగలిగితే అదే మంచి ప్రాజెక్టు. ఏ తేదీ, ఏ ఛానెల్, ఏ పిక్సెల్ అన్నది రాసుకోకుండా "సార్ రాలేదు" అని మాత్రం మెసేజ్ పెట్టొద్దు.